మెక్సికోలో మా మనవడు - యాభై మూడు రోజులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నూజివీడులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారి కేసును తలుచుకుంటాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తేలింది. ఆ సంగతి నాకన్న బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కరువు భత్యం బకాయిల గురించి నా తరువాత మాట్లాడబోయేవారు ఎలాగూ వదలరు. కార్యదర్శి గారు నాతో, "మీరు మాత్రం అర్జీలూ జీవోలూ కాకుండా ఏదైనా ఇంటి సంగతి చెప్పండి, మన ప్రత్యేక సంచికలో వేసుకుందాం" అన్నారు. అందుకని మా మనవడు మెక్సికోలో స్నేహితుల ఇంట్లో ఉన్న రోజుల గురించి చెప్పదలిచాను. ఈ హాలులో కూర్చున్నవారిలో సగంమంది పిల్లలో, మనవలో పరాయి దేశాల్లో ఉన్నారు కనుక మీకు ఇది పరాయి కథలా ఉండదని నా నమ్మకం.

నేను తపాలా శాఖలో 37 సంవత్సరాలు పనిచేసి 2005లో పదవీ విరమణ చేశాను. నూజివీడు, హనుమాన్ జంక్షన్, బెజవాడ ఇవే నా ప్రపంచం. కువైట్ నుంచి, అమెరికా నుంచి, సింగపూర్ నుంచి వచ్చిన కవర్లు వేలకు వేలు నా చేతుల మీదుగా పోయాయి. మెక్సికో స్టాంపు ఉన్న ఉత్తరం ఒక్కటి కూడా చూసిన గుర్తు లేదు. ఆ దేశం పేరు వింటే నాకు తట్టేది ఒక్కటే. మా నాన్నగారి స్నేహితుల్లో ఇద్దరు రాయిస్టులు ఉండేవారు. వాళ్ళు మా అరుగు మీద కూర్చుని ఎం.ఎన్.రాయ్ మెక్సికో వెళ్లిన ముచ్చట చెప్పుకునేవారు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

2021 ఏప్రిల్ సంగతి మీకెవ్వరికీ గుర్తు చేయనక్కరలేదు. మన సంఘంలోనే ఆ రెండు నెలల్లో ఎంతమందికి సంతాప తీర్మానాలు రాసుకున్నామో కార్యదర్శి గారి మినిట్సు పుస్తకం చెబుతుంది. మా ఆవిడకు ఏప్రిల్ రెండో వారంలో జ్వరం వచ్చింది. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి కొడుకు, నాన్నమ్మకు ఊపిరి ఆడటం లేదని తెలిసిన మూడోనాటికి ఇక్కడ దిగాడు. బెజవాడలో సిలిండరు కోసం రాత్రంతా వరసలో నిలబడ్డాడు. ఆక్సిజన్ రెగ్యులేటరు బిగించటం, దాని సీసాలో నీళ్లు ఎంతవరకు పోయాలి, నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టాలి, సిలిండరు ఎన్ని గంటలకు ఖాళీ అవుతుంది అనేవన్నీ ఆ వారంలో నేర్చుకున్నాడు. నేర్చుకున్నది అక్కరకు రాలేదు. ఏప్రిల్ 29న ఆవిడ వెళ్లిపోయింది.

మరునాడే, ఏప్రిల్ 30న, అమెరికా ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గత 14 రోజుల్లో భారతదేశంలో ఉన్న విదేశీయులు మే 4 నుంచి అమెరికాలో అడుగుపెట్టకూడదు అని. అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మినహాయింపు. మా వాడిలాగా హెచ్-1బి మీద ఉన్నవారికి లేదు. పెద్దకర్మ కాకుండా వాడు కదలలేడు. కర్మ అయ్యేసరికి తలుపు మూసేశారు. అద్దెకున్న ఇల్లు అక్కడ, కారు అక్కడ, ఉద్యోగం అక్కడ. మనిషి మాత్రం నూజివీడులో, మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ ఉన్న ఊళ్లో, కాయ కోసేవాళ్లు దొరకని మామిడితోటల మధ్య.

ఆ ఉత్తర్వులోనే ఒక సందు ఉంది. ఆంక్ష లేని మూడో దేశంలో 14 రోజులు ఉండి, కరోనా లేదన్న పరీక్ష కాగితం చూపిస్తే అమెరికాలోకి రానిస్తారు. ఆ మూడో దేశం ఎక్కడ? అప్పట్లో మన పిల్లలు చాలామందికి దొరికిన జవాబు మెక్సికో. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు, 180 రోజుల వరకు ఉండవచ్చు. దిగగానే పరీక్షలు, క్వారంటైను అంటూ ఏమీ అడగలేదు. ఆ వేసవిలో హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి, గుంటూరు నుంచి పోయిన మన పిల్లలు ఎందరో ఆ దేశపు హోటళ్లలో రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపారు.

మా వాడు హోటలుకు పోలేదు. అమెరికాలో ఎం.ఎస్. చదివినప్పుడు వాడి గదిలో ఉన్న మెక్సికో అబ్బాయి, చదువయ్యాక తన దేశానికి తిరిగి వెళ్లి మెక్సికో నగరంలోనే ఉంటున్నాడు. వీడి సంగతి తెలిసి ఫోను చేశాడట. ఫోనులో ఆ అబ్బాయి చెప్పిన చిరునామా వినటానికే విచిత్రంగా ఉంది. "మీ ఇల్లు ఫలానా వీధిలో ఉంది" అన్నాడట. వీడికి అర్థం కాలేదు. వాళ్ల మర్యాద అది. తన ఇంటి గురించి ఎదుటివాడికి చెప్పేటప్పుడు "మీ ఇల్లు" అనే అంటారట పాతకాలం పద్ధతి తెలిసినవాళ్లు. మనం కూడా "మీ ఇల్లే అనుకోండి" అంటాం. వాళ్లు ఆ "అనుకోండి"ని కూడా తీసేశారు!

రెండుచోట్ల విమానం మారి, రెండు రోజులు ప్రయాణం చేసి జూన్ 16న మెక్సికో నగరంలో దిగాడు. ప్రయాణానికి ముందు రోజు వాడు వంటింట్లోకి వెళ్లి, నాన్నమ్మ కిందటి వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీ దించాడు. మిగిలింది అడుగున నాలుగోవంతు. అందులో సగం ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని, దాన్ని మూడు కవర్లలో చుట్టి, పెట్టెలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఆవిడ చేతి ఆవకాయ ప్రపంచం మొత్తం మీద ఇక ఆ రెండు డబ్బాల్లోనే ఉంది.

ఆ ఇల్లు నగరంలో దక్షిణాన కొయొవకాన్ అనే పాతపేటలో. డీగో రివేరా, ఫ్రీడా కాలో అనే చిత్రకారుల దంపతులు మీలో కొందరికి తెలిసే ఉంటారు. వారి నీలిరంగు ఇల్లు ఆ పేటలోనే ఉంది. 1937లో రష్యా నాయకుడు ట్రాట్‌స్కీకి ఏ దేశమూ చోటు ఇవ్వకపోతే మెక్సికో రానిచ్చింది, ఆయన రెండేళ్లు ఆ నీలిరంగు ఇంట్లోనే అతిథిగా ఉన్నాడు. 1939లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం ఓడిపోయి పారిపోయి వచ్చినవారిని కూడా వేలసంఖ్యలో ఆ దేశం ఆదుకుంది. బీద దేశమే, గొడవల దేశమే. ఇంటికి వచ్చినవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేసే అలవాటు మాత్రం తక్కువ అని నాకు అనిపిస్తుంది.

ఇంట్లో ముగ్గురు. ఆ అబ్బాయి, బడిపంతులుగా పనిచేసే వాళ్ల అమ్మగారు, ఆవిడ తల్లి. ఆ పెద్దావిడకు 81 ఏళ్లు. మనవడి స్నేహితుడికి ఆవిడ కూడా మామ్మే. "అబువెలీతా" అని పిలిచేవాడు మా వాడు, మామ్మగారూ అన్నట్టు. డాబా మీద ఒంటిగది ఇచ్చారు. ఆ నగరంలో పాత ఇళ్లన్నిటికీ డాబా మీద ఒక చిన్న గది ఉంటుందట, పక్కనే బట్టలు ఉతుక్కునే తొట్టి.

అప్పట్లో రోజూ వాళ్లకు రాత్రి తొమ్మిదైతే మనకు మరునాటి ఉదయం ఏడున్నర అయ్యేది. నేను కాఫీ కప్పు పట్టుకుని వీధి వాకిట్లో కూర్చునేవాణ్ణి, వీడియోలో వాడు ఆ రోజు సంగతులు చెప్పేవాడు. అప్పటికి ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో మీలో కొందరికి నేను చెప్పకుండానే తెలుసు. ఒకరోజు వాడు పగటిపూట చేశాడు. వెనకాల ఒక ఆడపిల్ల గొంతు మైకులో ఏదో సాగదీసి అరుస్తోంది. ఇంత పెద్ద నగరంలో ఎన్నికల ప్రచారమా అన్నాను. కాదట. పాత పరుపులు, పాత ఫ్రిజ్జులు, పాత ఇనుము కొంటామని రికార్డు పెట్టుకుని వ్యాను తిరుగుతోందట. మన వీధిలో కూడా అదే సమయానికి పాత సామాను వాడు కేకేసుకుంటూ పోతున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ పోయాక మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

పంపునీళ్లు తాగరట అక్కడ. మన మాదిరిగానే ఇరవై లీటర్ల క్యాను. దాన్ని మోసుకు రావటం మా వాడి ఉద్యోగమైంది. ఎందుకంటే రెండోరోజే అద్దె సంగతి ఎత్తితే ఆ అమ్మగారికి కోపం వచ్చింది. "నీ ఇంట్లో నువ్వు అద్దె కడతావా?" అందట. ఇక డబ్బు ఊసు ఎత్తకుండా నీళ్లు మోయటం, గిన్నెలు కడగటం, సంతకు సంచీ పట్టుకుని పోవటం పెట్టుకున్నాడు. సంతలో మామిడిపండ్లు చూశాడు. సన్నగా కొంకి తిరిగి పసుపుపచ్చగా ఉండే అతాఉల్ఫో అని ఒకటి, మనీలా అని ఇంకొకటి. నూజివీడు పిల్లవాడు పరాయి మామిడిని అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? "తీపి ఉంది తాతయ్యా, కానీ చిన్నరసం ముందు నిలబడదు" అన్నాడు. నేను రుచి చూడకుండానే బలపరిచాను. అయితే ఆ మనీలా పేరులో ఒక చరిత్ర ఉంది. ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు, మెక్సికోలోని అకపుల్కో రేవుకు మధ్య 1565 నుంచి 1815 దాకా, రెండువందల యాభై ఏళ్లు స్పెయిన్ ఓడలు తిరిగాయి. మన వైపు పుట్టిన మామిడి తూర్పుదీవుల దాకా పోయి, అక్కడి నుంచి మెక్సికో చేరింది. పేరుకు మనీలా అయినా గోత్రం మనదే.

ఆవకాయ డబ్బా విప్పిన రోజున జరిగిన సంభాషణ నాకు మరీ ఇష్టం. వాళ్ల ప్రధాన భోజనం మధ్యాహ్నం రెండు మూడు గంటలకు. తిన్నాక వెంటనే లేవరు, బల్ల దగ్గరే గంటసేపు మాట్లాడుకుంటారు. ఆ మాటలకు వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, "సోబ్రెమేసా" అని. మొక్కజొన్నలను సున్నపునీళ్లలో ఉడికించి, రుబ్బి చేసిన రొట్టెలో ఆవకాయ ముక్క పెట్టుకుని తిన్నారట. పెద్దావిడ కళ్లలో నీళ్లు వచ్చాయి గాని ఆపలేదు. ఇందులో ఏమేమి ఉన్నాయి అని అడిగింది. మామిడికాయ మాది, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె, మిరపకారం అని వీడు చెప్పాడు. "మిరప మాది" అందట ఆవిడ.

నిజమే. మిరప పుట్టిల్లు మెక్సికో. అయిదువందల ఏళ్ల కిందట పోర్చుగీసువారు తెచ్చేదాకా మన దేశంలో మిరపకాయ లేదు, కారం అంటే మిరియమే. గుంటూరు ఘాటంతా ఆ దూరపు చుట్టం పెట్టిన భిక్ష. టమాటా వాళ్లది, పేరుతో సహా. సపోటా వాళ్లది, పేరుతో సహా. ఇంకా చెబుతాను. మనం తువ్వాలు అంటాం, వాళ్లు "తోఆయా" అంటారు. మనం బల్లను మేజా అంటే వాళ్లు "మేసా" అంటారు. ఇల్లు కట్టే మేస్త్రీని వాళ్లు "మాఎస్త్రో" అంటారు. పోర్చుగీసు, స్పానిషు అక్కచెల్లెళ్లు కాబట్టి ఒకరు మనకిచ్చిన మాటలు ఇంకొకరి ఇంట్లో కూడా కనిపిస్తాయి. మా వాడికి స్పానిషు రాకపోయినా పెద్దావిడతో గంటలు గంటలు ఎలా కబుర్లాడాడో ఇప్పుడు కొంత అర్థమైంది నాకు.

ఇక్కడ ఎం.ఎన్.రాయ్ సంగతి చెప్పాలి. అసలు పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. బ్రిటిషువారి కన్నుగప్పి, ఆయుధాల కోసం దేశాలు తిరిగి, 1916లో అమెరికా చేరాడు. అక్కడే పేరు మార్చుకున్నాడు. 1917లో అమెరికా యుద్ధంలో దిగగానే భారతీయ విప్లవకారులను పట్టుకోవటం మొదలైంది. న్యూయార్కులో అరెస్టయిన రాయ్, భార్య ఎవలిన్‌తో కలిసి సరిహద్దు దాటి మెక్సికో నగరానికి వచ్చిపడ్డాడు. వయసు ముప్పయి. ఆశ్రయం కోసం వచ్చినవాడు రెండున్నరేళ్లు ఉండిపోయాడు. స్పానిషు నేర్చి, అక్కడి పత్రికలో వ్యాసాలు, 1918లో భారతదేశం గురించి స్పానిషులో ఒక పుస్తకం రాశాడు. 1919లో రష్యా నుంచి బొరోడిన్ అనే దూత చేతిలో చిల్లిగవ్వ లేకుండా వస్తే తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. అతిథిగా వచ్చినవాడు రెండేళ్లు తిరిగేసరికి ఆతిథ్యమిచ్చేవాడయ్యాడు. ఆ ఏడాది చివరికి అక్కడ కమ్యూనిస్టు పార్టీ పుట్టించి, మెక్సికో వారు ఇచ్చిన పాస్‌పోర్టు మీద వేరే పేరుతో మాస్కో వెళ్లాడు. తరువాత ఆయన కమ్యూనిజానికి దూరమై నవ్యమానవవాదం బోధించటం, గోపీచంద్, అబ్బూరి రామకృష్ణారావు వంటి మనవాళ్లు ఆయన వెంట నడవటం మీకు తెలిసినదే. తన రెండో పుట్టుక మెక్సికోలోనే జరిగిందన్న భావం ఆయన జ్ఞాపకాల్లో స్పష్టంగా ఉంటుంది. రోమా అనే పేటలో ఆయన ఉన్న ఇంట్లో ఈ కాలంలో ఒక నైట్‌క్లబ్బు పెట్టారు, దానికి పేరు "ఎం.ఎన్.రాయ్". మా నాన్నగారి స్నేహితులిద్దరూ బతికి ఉంటే ఏమనేవారో!

ఆయన ఒక్కడే కాదు. గదర్ పార్టీలో మన కనిగిరి దరిశి చెంచయ్యగారు ఉన్న రోజుల్లోనే అందులో ఉన్న మరాఠీ మనిషి పాండురంగ ఖాన్‌ఖోజే, 1924లో మెక్సికో చేరి చాపింగో వ్యవసాయ విద్యాలయంలో మొక్కజొన్న మీద పరిశోధనలు చేశాడు. రివేరా గీసిన గోడచిత్రంలో రొట్టె విరిచి పంచుతున్నట్టు ఉన్నాడు. ఇంటికి తిరిగి రాలేని భారతీయుడికి చోటివ్వటం ఆ నగరానికి కొత్త కాదని చెప్పటానికే ఇదంతా.

మళ్లీ మా వాడి దగ్గరకు వద్దాం. పద్నాలుగు రోజులు నిండాయి. విమానానికి ముందు చేయించిన పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఆ వేసవిలో మెక్సికోలో మూడోవిడత కరోనా మొదలైంది. వెంటనే హోటలుకు పోతానని వాడు పెట్టె సర్దుకుంటే, ఆ అమ్మగారు పెట్టె తీసి తన గదిలో పెట్టి తాళం వేసింది. డాబా గదిలో మూడు వారాలు. మెట్ల మీద పళ్లెం పెట్టి గంట కొట్టేవారు. ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంటుంది, మామూలు రోజుల్లోనే కొత్తవారికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నేను ఇక్కడ రాత్రిళ్లు ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. వాడి ఆక్సిజన్ అంకె తొంభైకి దిగిన రాత్రి, ఆ అమ్మగారు మాస్కు కట్టుకుని డాబా మీద గది బయట కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చుందట. నేను ఆవిడ ముఖం కూడా అప్పటికి సరిగా చూడలేదు.

జూలై మూడోవారానికి కోలుకున్నాడు. కోలుకున్నట్టు వైద్యుడి కాగితం ఉంటే ప్రయాణం చేయవచ్చు. కాగితం వచ్చింది. టిక్కెట్టు తీసుకున్నాడు. అప్పుడు పెద్దావిడ మంచం పట్టింది.

టీకా పడిన మనిషే. అయినా 81 ఏళ్ల ఊపిరితిత్తులు. ఆసుపత్రికి రానంటే రానంది. సిలిండరు అద్దెకు తెచ్చారు గాని ఆ ఇంట్లో ఎవరికీ దాని సంగతి తెలియదు. మా వాడికి తెలుసు. బెజవాడలో నేర్చుకున్నాడు కదా. రెగ్యులేటరు బిగించాడు, సీసాలో గీత వరకు నీళ్లు పోశాడు, గోడ మీద కాగితం అంటించి గంటగంటకూ అంకెలు రాశాడు, సిలిండరు అయిపోకముందే రెండోది నింపించుకు రావటానికి స్నేహితుడితో వంతులు వేసుకున్నాడు.

వాడికి అప్పటికే జీతం లేని సెలవు. ఆగస్టు మొదటివారంలో రాకపోతే ఉద్యోగం సంగతి చెప్పలేమని ఆఫీసు వారు రాశారు. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. మా పెద్దబ్బాయి ఫోనులో కేకలేశాడు. "నీ బాధ్యత తీరింది, వాళ్లది వాళ్లు చూసుకుంటారు, విమానం ఎక్కు" అన్నాడు. తండ్రిగా వాడి భయం వాడిది, తప్పుపట్టను. మనవడు నాకు ఫోను చేసి ఒకే మాట అడిగాడు. "తాతయ్యా, నాన్నమ్మకు అంకె ఎంత దాకా దిగాక మనం ఆసుపత్రికి తీసుకెళ్లాం?" నేను చెప్పాను. "ఇక్కడ అంతదాకా రానివ్వను" అన్నాడు. రమ్మని గాని, ఉండమని గాని నేను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

తొమ్మిది రోజులకు పెద్దావిడ లేచి కూర్చుంది. పదోరోజున కాఫీ అడిగింది. ఆగస్టు 8న మా వాడు డాలస్‌లో దిగాడు. జూన్ 16 నుంచి లెక్కవేస్తే యాభై మూడు రోజులు. ఉద్యోగం ఉంది, కాని జీతం పెంచే జాబితాలో ఆ ఏడు వాడి పేరు లేదు. మనకు ఇంక్రిమెంటు ఆగటం అంటే ఏమిటో తెలుసు కాబట్టి చెబుతున్నాను. వాడు దాన్ని గురించి ఇంతవరకు నా దగ్గర ఎత్తలేదు, వాళ్ల అమ్మ చెబితే తెలిసింది.

భారతదేశం మీద ఆ ఆంక్ష 2021 నవంబరు 8న ఎత్తేశారు. దానికి ఆరు రోజుల ముందు, నవంబరు 2న, నేను జీవన ప్రమాణపత్రం ఇవ్వటానికి బయలుదేరుతున్నాను. నేను ఇంకా బతికే ఉన్నానని వేలిముద్ర వేసి చెప్పుకునే నెల కదా మనకు. వాకిట్లో ఉండగా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది, మెక్సికో నుంచి, ఆ అమ్మగారు పంపింది. అక్కడ నవంబరు 1, 2 తేదీల్లో పోయినవారి పండుగ చేస్తారు. మన మహాలయ పక్షం వంటిదే గాని ఏడుపు ఉండదు. ఇంట్లో మెట్లు మెట్లుగా బల్ల వేసి, పోయినవారి పటాలు పెట్టి, కొవ్వొత్తులు, నీళ్లు, వారికి ఇష్టమైన తిండి పెడతారు. వారు ఆ రాత్రి ఇంటికి వస్తారని నమ్మకం. దారి తెలియటానికి గుమ్మం నుంచి బల్ల వరకు పూలు చల్లుతారు. ఆ పూలు చూసి నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. బంతిపూలు. మన సంక్రాంతి గొబ్బెమ్మల మీది బంతిపూలు, మన గుమ్మాల తోరణాల బంతిపూలు. తరువాత తెలుసుకున్నాను, ఆ పువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోనేనట.

బల్ల మీద ఆ ఇంటి పెద్దాయన పటం, ఎవరెవరో బంధువుల పటాలు. వాటి మధ్య మా ఆవిడ. మనవడి ఫోనులోంచి తీసి ప్రింటు వేయించిన ఫొటో, మా పెరట్లో చిన్నరసం చెట్టు కింద పీట మీద కూర్చుని కాయలు తుడుస్తున్నది. పటం ముందు చిన్న మట్టిగిన్నె. గిన్నెలో ఎర్రగా ఏదో ఉంది. ఫొటో పెద్దది చేసి చూశాను. ఆవకాయ. మా వాడు వచ్చేస్తూ వదిలిపెట్టిన డబ్బాలో చివరి నాలుగు ముక్కలను ఆవిడ మూడు నెలలు ఎవరినీ ముట్టనివ్వకుండా దాచిందట, ఈ రోజు కోసం.

ఆ రోజు నేను ప్రమాణపత్రం ఇవ్వటానికి వెళ్లలేదు. మర్నాడు వెళ్లాను.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి మన ఊరు ఏలూరు జిల్లాలో కలిసింది. అదే వేసవిలో మా ఇంట్లో మళ్లీ ఆవకాయ పెట్టాం. మా కోడలు, నేను, ఫోనులో మనవడు, కొలతలు ఆవిడ చేతివాటు గుర్తు చేసుకుంటూ. ఒక చిన్న డబ్బా వాడి ద్వారా మెక్సికో చేరింది. ఉప్పు కాస్త ఎక్కువైందని పెద్దావిడ అభిప్రాయం. నిజమే, ఎక్కువైంది.

ఇదంతా ఈ సభలో చెప్పటానికి ఇంకో కారణం ఉంది. వచ్చే మే నెలలో ఆ అమ్మగారు, ఆమె కుమారుడు నూజివీడు వస్తున్నారు. పెద్దావిడ అంత దూరం రాలేదు, కానీ చెట్టు మీది చిన్నరసం ఎలా ఉంటుందో తనకు వీడియోలో చూపించాలని షరతు పెట్టింది. నెలరోజులు ఉంటారు. మా మేడ మీద గది సున్నాలు వేయిస్తున్నాను. వంటలో కారం సంగతి బెంగలేదు. ఒకటే ఇబ్బంది, నాకు స్పానిషు పది మాటలకు మించి రాదు. మన సంఘ సభ్యుల పిల్లల్లో, మనవల్లో, మన ఊరి ట్రిపుల్ ఐటీ పిల్లల్లో ఎవరైనా ఆ భాష నేర్చుకున్నవారుంటే దయచేసి ఈ సభ అయ్యాక నన్ను కలవండి. భోజనం మా ఇంట్లోనే.